మా డబ్బా కోసం మామ్మ ప్రార్థన

ఆ రోజుల్లో ఇంట్లో ఇంటర్నెట్ ఉండటమంటే గేదెను కట్టేసుకున్నట్టే. దానికి ఎండ తగలని చోటు చూడాలి, ఎవరూ కదపకుండా కాపు కాయాలి, అది మొరాయిస్తే ఇంటిల్లిపాదీ పనులు మానుకుని దాని చుట్టూ చేరాలి. ఇప్పుడు ఒక్క నిమిషం నెట్ ఆగితే కాళ్లు నేలకేసి కొట్టే మా పిల్లలకి ఈ సంగతులు చెబితే, నేనేదో కోతలు కోస్తున్నట్టు చూస్తారు. రెండువేల ఎనిమిదో, తొమ్మిదో అయి ఉంటుంది. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. ఏలూరులో ఒక కంప్యూటర్ సెంటర్లో నెట్‌వర్కింగ్ పాఠాలు చెప్పేవాణ్ణి. దెందులూరు నుంచీ గుండుగొలను నుంచీ బస్సుల్లో వచ్చే కుర్రాళ్లు నన్ను 'నెట్ సారు' అని పిలిచేవారు (నేనూ వద్దనేవాణ్ణి కాదు). బోర్డు మీద నాలుగు గీతలు గీసి ప్రపంచంలోని కంప్యూటర్లన్నిటినీ కలిపేసే ఆ నెట్ సారుకి, సొంత ఇంట్లో రౌటర్ ఎందుకు ఆగిపోతోందో తెలుసుకోవడానికి నెలన్నర పట్టింది.

రౌటర్‌తో నాకంత పని ఏమిటంటే, ఆట. తుపాకులు పట్టుకుని గోడల చాటున దాక్కుంటూ ఎదుటి జట్టుని కాల్చే ఆట. మా జట్టులో ఐదుగురం, ఎవరి ఇంట్లోంచి వాళ్లం ఆడేవాళ్లం. కెప్టెను మా గూడెం బావ, అంటే తాడేపల్లిగూడెంలో ఉండే మా మేనత్త కొడుకు. రోజూ సాయంత్రం ఆరింటికి కూడితే ఏడున్నర దాకా ఆట. రోజూ ఆరున్నర దాటగానే నా రౌటర్ మీద పచ్చగా వెలిగే లింకు దీపం టక్కున ఆరిపోయేది. నేను గోడకి మొహం పెట్టి కదలకుండా నిలబడిపోయేవాణ్ణట (నాకేం కనపడేది కాదు, మిగతావాళ్లు చెప్పిందే). ఎదుటి జట్టువాళ్లు తీరిగ్గా నడుచుకుంటూ వచ్చి కాల్చి వెళ్లేవారు. అరగంటకో, కాస్త ముందో వెనకో, దీపం దానంతటదే వెలిగేది. వెంటనే సెల్‌లో బావ.

"ఒరేయ్, నువ్వు ఆడుతున్నావా, బొమ్మలా నిలబడుతున్నావా? శనివారం ఆరున్నరకి భీమవరం వాళ్లతో మ్యాచ్. ఆ రోజు కూడా ఇలాగే చేశావంటే నిన్ను తీసేస్తాను. జంగారెడ్డిగూడెంలో ఒకడు రెడీగా ఉన్నాడు."

బావ అన్నంత పనీ చేసే మనిషి. ఆ జట్టులో చోటు పోతే నేను ఏలూరులో తల ఎత్తుకుని ఎలా తిరగాలో నాకు తెలియలేదు (ఏలూరులో ఆ జట్టు సంగతి ఎవరికీ తెలియదన్న విషయం అప్పట్లో తట్టలేదు). అందుకని రౌటర్ మీద పడ్డాను. మామ్మ దగ్గర పిన్నీసు అడిగి తీసుకుని, వెనక ఉన్న చిన్న బొక్కలో గుచ్చి రీసెట్ చేశాను. చానెల్ మార్చాను. పోర్టులు తెరిచాను, మూశాను, మళ్లీ తెరిచాను. కంప్యూటర్‌కి కదలని అడ్రసు ఇచ్చి, ఆ అంకెలు కాగితం మీద రాసి గోడకి అంటించాను. వేడెక్కుతోందేమోనని టేబుల్ ఫ్యాను తెచ్చి దాని ఎదురుగా పెట్టాను. "నాకు చెమటలు కారిపోతున్నా ఫ్యాను ఇటు తిప్పలేదు గానీ, డబ్బాకి గాలి కావాల్సొచ్చిందా?" అంది మామ్మ. హెల్ప్‌లైనుకి ఫోన్ చేస్తే ఒకమ్మాయి ఎంతో మర్యాదగా "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేస్తారా అండీ" అనేది. నేను నెట్‌వర్కింగ్ చెప్పే సారుని అని రెండుసార్లు చెప్పాను. "చాలా సంతోషం అండీ, ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేస్తారా అండీ" అంది. చివరికి శాస్త్రీయంగా వెళదామని ఒక నోట్‌బుక్ పెట్టి, దీపం ఆరిన వేళా వెలిగిన వేళా రాసుకున్నాను. సోమవారం నుంచి శనివారం దాకా ఆరూ ముప్పై రెండు, ఆరూ ముప్పై ఒకటి, ఆరూ ముప్పై మూడు. ఆదివారం మాత్రం ఆరలేదు. దీన్నిబట్టి నేను తేల్చింది, ఎక్స్ఛేంజిలో ఆదివారం లోడు తక్కువగా ఉంటుందని.

మా ఇంట్లో రోజూ సరిగ్గా ఆరున్నరకి కుటుంబ ప్రార్థన. ఆదివారం మాత్రం నేను తప్ప అందరూ పొద్దుటి ఆరాధన కాక సాయంత్రం ఆరాధనకి కూడా గుడికి, అంటే మా చర్చికి, వెళ్లేవారు కాబట్టి ఇంట్లో ప్రార్థన ఉండేది కాదు. (మీకు అర్థమైపోయిందని నాకు తెలుసు. నాకు కాలేదు, ఏం చెయ్యమంటారు?) ప్రార్థన నడిపేది మామ్మ, మా నాన్నగారి తల్లి. మిషను బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. హాల్లో ఆవిడ కుర్చీ, కుర్చీ పక్కన స్టూలు, స్టూలు మీద ల్యాండ్‌ఫోను. ఒకసారి గుండుగొలను అత్తయ్య సరిగ్గా ప్రార్థన మధ్యలో ఫోన్ చేసి రొయ్యల పచ్చడిలో మెంతులు వెయ్యాలా అని అడిగిందట. అప్పటినుంచి మామ్మ పాట మొదలెట్టే ముందు రిసీవరు ఎత్తి బైబిలు పక్కన పెట్టేది. ఆమెన్ అయ్యాక మళ్లీ ఫోను మీద పెట్టేది. నేను ఆ ప్రార్థనకి ఎగనామం పెట్టాను. సెంటర్ పిల్లలకి నెట్‌లో డౌట్లు చెప్పాలన్నాను. గది తలుపు వేసుకుని, చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని, డౌట్లు చెప్పేవాణ్ణి.

పాపం మామ్మ నమ్మింది (అని నేను నమ్మాను). డబ్బా పనిచెయ్యక మనవడు పిల్లలకి పాఠం చెప్పుకోలేకపోతున్నాడని, రోజూ ప్రార్థనలో డబ్బా కోసం ప్రత్యేకంగా వేడుకునేది. "ఒక్కరోజు కూడా తప్పలేదురా. నేను ఆమెన్ అనగానే నీ గదిలోంచి 'వచ్చింది' అని అరుపు వినపడుతోంది. వచ్చే ఆదివారం గుళ్లో అందరి ముందూ లేచి, దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెబుతాను" అంది ఒక రోజు. నాకు ముచ్చటేసింది. చెప్పమన్నాను కూడా.

ఆ వారం గురువారం నాడు లైన్‌మన్‌గారు వచ్చారు. ఆయనది కొల్లేరు లంకల్లో ఊరు. రోజూ ఏలూరు వచ్చి సైకిలు మీద తిరుగుతూ లైన్లు చూసే పెద్దమనిషి. జబ్బు ఆరున్నరకే వస్తుందని చెప్పాను కదా, పాపం వానలో తడుస్తూ ఆరుంబావుకే వచ్చేశారు. తీగ చూశారు, పెట్టె చూశారు, అంతా బాగుందన్నారు. ఇంతలో ప్రార్థన వేళయింది.

"కూర్చోండి బాబూ, వేళకి వచ్చారు" అంది మామ్మ.

"అలాగేనండీ అమ్మగారూ" అని ఆయన చెప్పులు విడిచి, మా నాన్నగారి పక్కన చాప మీద కూర్చున్నారు. బయటి మనిషి కూర్చుంటే ఇంటి మనిషి లోపల తలుపు వేసుకుంటే బాగుండదని నేనూ కూర్చున్నాను. గది తలుపు తెరిచే ఉంది, ఎదురుగా రౌటర్ దీపం పచ్చగా వెలుగుతోంది. మామ్మ రిసీవరు ఎత్తి బైబిలు పక్కన పెట్టింది. పాట అయింది. అందరం కళ్లు మూసుకున్నాం.

"ప్రభువా, ఈ పెద్దమనిషిని వానలో సైకిలు మీద మా ఇంటికి పంపావు. ఆయన చేతులకి జ్ఞానం దయచెయ్యి. పిల్లలకి పాఠాలు చెప్పుకునే మా మనవడి డబ్బాలో ఏ దోషం దాగుందో ఈ వేళ బయటపెట్టు తండ్రీ" అంటోంది మామ్మ.

పాఠాలు అన్న చోట నాకు కాస్త ఇబ్బందిగా అనిపించి ఒక కన్ను తెరిచాను. దీపం ఆరిపోయి ఉంది. పక్కకి చూస్తే లైన్‌మన్‌గారు రెండు కళ్లూ తెరిచే ఉన్నారు. ఇద్దరం దొరికిపోయాం. ఆయన చూపుతో రిసీవరుని చూపించారు. తర్వాత రౌటర్‌ని చూపించారు. మళ్లీ రిసీవరుని. అక్కడినుంచి గోడ వెంట వచ్చిన తీగ మీదుగా నా మొహం దాకా చూపు తెచ్చి ఆపారు. ఆ తీగ లాగింది నేనే. నెట్ పెట్టినప్పుడు ఫోను మామ్మ కుర్చీ దగ్గరికి కావాలంటే, 'దీనికి మళ్లీ మనిషెందుకు' అని, బయటినుంచి వచ్చే లైనులోంచే నేరుగా ఒక తీగ లాగి బిగించాను. ఫోనుకి ముందు తగిలించమని ఇచ్చిన అగ్గిపెట్టెంత ఫిల్టరు ముక్కని చేతిలో పెట్టినా గుర్తుపట్టక ఎక్కడో పడేశాను. అది లేకపోతే ఆ ఫోను రిసీవరు ఎత్తినప్పుడల్లా నెట్ చస్తుంది. ఈ సంగతి నేను సెంటర్లో మూడో పాఠంలో చెప్పేవాణ్ణి.

"ఆమెన్" అంది మామ్మ. రిసీవరు పెట్టేసింది. కాసేపటికి దీపం వెలిగింది.

"చూశారా బాబూ?" అంది గర్వంగా.

"చూశానండీ అమ్మగారూ" అన్నారు లైన్‌మన్‌గారు. గేటు దగ్గర మాత్రం నా చెయ్యి పట్టుకుని, "ఫిల్టరు శనివారం పొద్దున్న తెచ్చి పెట్టేస్తానండీ. అమ్మగారికి మీరు చెబుతారా?" అన్నారు. మీరు చెప్పండన్నాను. ఆయన నాకంటే తెలివైనవారు, సైకిలెక్కేశారు.

చెప్పడం నావల్ల కాలేదు. నెలన్నరగా ఆవిడ చేసిన ప్రార్థనంతా ఆ దీపాన్ని ఆర్పడానికే పనికొచ్చిందని ఏ మొహంతో చెప్పను? నమ్మకం విరిగిపోతుందేమోనని నిజంగా భయపడ్డాను. చెప్పకపోతేనేమో ఆదివారం గుడి నిండా జనంలో లేచి సాక్ష్యం చెబుతుంది. ఫిల్టరు చప్పుడు చెయ్యకుండా పెట్టించేస్తే మ్యాచ్ గట్టెక్కుతుంది, తర్వాతి సంగతి తర్వాత అనుకున్నాను. శనివారం పొద్దున్న లైన్‌మన్‌గారు ఫోన్ చేశారు. "వానకి మా లంకల్లో స్తంభాలు పడిపోయాయండీ. నన్ను అటు వేశారు. సోమవారం గానీ రాలేనండీ."

సాయంత్రం ఆరవుతోంది. మామ్మ కుర్చీలో కూర్చుని పాటల పుస్తకం తిప్పుతోంది. వెళ్లి కింద కూర్చున్నాను.

"మామ్మా, ఇవాళ ఒక్కరోజు రిసీవరు పక్కన పెట్టకే."

"ఏం?"

చెప్పాను. తీగ, ఫిల్టరు, రిసీవరు, అన్నీ. మామ్మ కళ్లజోడు తీసి చీర చెంగుతో తుడిచింది. తుడిచిన అద్దమే మళ్లీ తుడిచింది.

"అంటే నేను ఎంతసేపు ప్రార్థన చేస్తే అంతసేపూ అది ఆరిపోయి ఉంటోందా?"

"అవును మామ్మా."

"మొన్న బుధవారం ముప్పావుగంట చేశాను."

"తెలుసు మామ్మా. ఆ పూట నన్ను కాల్చేశారు." నోరు జారింది.

"ఎక్కడ, క్లాసులోనా?" అంది తాపీగా. "పాఠం చెప్పేవాడు 'వెనకాల ఉన్నాడు, కాల్చెయ్ బావా' అని అరుస్తాడేంట్రా? నాకు చూపు మందగించింది గానీ చెవులు బాగానే ఉన్నాయి."

"మరి తెలిసీ, పాఠాల కోసమని ప్రార్థన చేశావేం?"

"నువ్వు నాకు ఏం చెప్పావో అదే ఆయనకి చెప్పాను. అబద్ధమైతే ఆ సంగతి మీరిద్దరూ చూసుకోండి."

ఆ పూట మామ్మ రిసీవరు ఎత్తలేదు. అదృష్టం, ఎవరూ ఫోన్ చెయ్యలేదు. నెలన్నరలో మొదటిసారి ఆరున్నర దాటినా నా దీపం పచ్చగా వెలుగుతూనే ఉంది. హాల్లోంచి పాట వినపడుతోంది. ఆట మొదలయింది. ఒక్క క్షణం కూడా ఆగకుండా, తడబడకుండా నడిచిన నెట్‌లో, నేను వరసగా పదకొండుసార్లు చచ్చిపోయాను. ఒకసారి మా బావనే కాల్చాను. చిత్తుగా ఓడిపోయాం. బావ స్కోరు ఒకటికి రెండుసార్లు పైకి చదివాడు. చివరికి, "ఒరేయ్, ఇన్నాళ్లూ తప్పు నీ డబ్బాదనుకున్నాం రా" అన్నాడు, తిట్టినట్టు కూడా కాదు, జాలిగా. సోమవారం నుంచి జంగారెడ్డిగూడెం వాడు ఆడాడు.

ఆదివారం పొద్దున్న గుళ్లో సాక్ష్యాల వేళయ్యింది. సాక్ష్యం చెప్పదులే అనుకుని నిశ్చింతగా కూర్చున్నాను. మామ్మ లేచి నిలబడింది. నా అబద్ధం, నా ఆట అన్నీ ఊరందరి ముందూ బయటపడతాయని తల దించుకున్నాను.

"మా ఇంట్లో ఇంటర్నెట్ డబ్బా బాగుచెయ్యమని నెలన్నర ప్రార్థన చేశానండీ" అంది, బళ్లో పాఠం చెప్పే గొంతుతో. "దోషం ఎక్కడుందో బయటపెట్టమన్నాను. పెట్టాడండీ. కళ్లు తెరిచి ప్రార్థన చేసే ఒక పెద్దమనిషిని పంపి మరీ బయటపెట్టాడు. ఆ దోషం నా చేతిలోనే ఉందండీ. ప్రార్థనకి అడ్డం రాకూడదని నేను పక్కన పెడుతున్న ఫోనే దాన్ని ఆపేస్తోందండీ. నేను గట్టిగా అడిగినకొద్దీ అది ఆగిపోతూనే ఉందండీ."

గుడంతా నవ్వింది. పాస్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నవ్వారు. అందరికంటే ఎక్కువగా మామ్మే నవ్వింది. నా తీగ మాట ఎత్తలేదు, ఆట మాట ఎత్తలేదు, నా పేరే ఎత్తలేదు. తప్పంతా తన మీదే వేసుకుని, చీర సర్దుకుని, నా పక్కన వచ్చి కూర్చుంది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చి, పాటల పుస్తకంలో మొహం దాచుకున్నాను. ఆవిడ నమ్మకం మా ఇంటి నెట్ కనెక్షన్ లాంటిదనీ, నేను నిజం చెబితే తెగిపోతుందనీ రెండు రోజులు నిద్ర లేకుండా భయపడ్డ ఆ నెట్ సారుని తలుచుకుంటే, ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు నవ్వొస్తుంది.