ఈశాన్యంలో పెట్టిన ట్యాంకు

నవ్వనని ముందు మాటివ్వండి, అప్పుడు చెప్తాను. పోయిన శనివారం మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం. నలభై మంది గెస్టులు. పీటల మీద మేం. కుళాయిలో చుక్క నీళ్ళు లేవు! దానికి కారణం మిషిగన్ చలి అనుకుంటున్నారేమో. కాదండీ, నేనే.

ట్రాయ్‌లో పదకొండేళ్ళు అపార్ట్‌మెంట్లలో ఉండి ఉండి, మొన్న అక్టోబర్లో ఊరికి దూరంగా ఇల్లు కొన్నాం. మా లలితకి మొదట ఇష్టం లేదు. "అంత అడవిలోకి ఎవరొస్తారండీ మనింటికి?" అని ఒకటే గొడవ. తన ఫ్రెండ్స్ కూడా తక్కువ తిన్నారా? "అక్కడ మీకు జింకలే కంపెనీ" అని ఏడిపించారు. అందుకే ఈ వ్రతం బాగా జరగాలని తనకి ఎంత పట్టుదలో! నెల ముందు నుంచి ఫోన్లు, లిస్టులు. పైకి చెప్పలేదుగానీ నాకూ అదే దిగులు. కొనిపించింది నేను కదా మరి.

ఆ ఊళ్ళో సిటీ వాటర్ లేదు. ఇంటి వెనక బోరు. అందులోంచి వచ్చిన నీళ్ళు బేస్‌మెంట్‌లో ఒక ప్రెషర్ ట్యాంకులోకి వెళ్తాయి. నా ఎత్తున్న నీలం రంగు సిలిండరు. ఇంటికి వేడి గాలి పంపే ఫర్నేస్ పక్కనే వెచ్చగా నిలబడి ఉండేది పాపం, దాని మానాన అది.

నవంబర్లో డాక్టర్ మూర్తి గారు ఇల్లు చూడ్డానికి వచ్చారు. డెబ్భై దాటిన గుండె డాక్టరు, రిటైరయ్యాక వాస్తు పట్టుకున్నారు. జేబులో ఎప్పుడూ ఇత్తడి దిక్సూచి. బయట గాలికి చెవులు తెగిపోతున్నాయి, అందుకని నేరుగా బేస్‌మెంట్‌లోకి దిగి, చేతికందిన ఫర్నేస్ డబ్బా మీద దిక్సూచి పెట్టారు. ముల్లు గిరగిరా తిరిగి ఆగింది. ఆయన ముఖం మాడిపోయింది.

"శ్రీనూ, నైరుతిలో నీళ్ళేమిటయ్యా! ఇల్లాలికి మంచిది కాదు."

అబ్బే, నేనివన్నీ నమ్మనండీ. ఇంజనీర్ని. కానీ 'ఇల్లాలికి' అన్నాక ఎవరికైనా గుండె జారదూ? లలితకి చెప్తే నిద్రపోదు. అందుకని చెప్పకుండా పని కానిద్దామనుకున్నాను.

"ఎక్కడ పెట్టమంటారు అంకుల్?"

"ఈశాన్యంలో. అంటే..." కాగితం మీద ఇంటి ప్లాను గీశారు. "గరాజ్ మూల."

ప్లంబర్ డేల్‌ని పిలిచాను. ముప్ఫై ఏళ్ళుగా ఆ చుట్టుపక్కల బోర్లు చూసే మనిషి. విషయం విని టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. "గరాజ్‌లో హీటింగ్ లేదు, ఫ్రీజ్ అవుతుంది. ఇప్పుడున్న చోటే బెస్ట్ కదా. ఎందుకు మార్చడం?" అన్నాడు.

ఏం చెప్పను? "డైరెక్షన్ బాగోలేదు" అన్నాను.

డేల్ ట్యాంకు చుట్టూ ఒక రౌండు తిరిగి వచ్చాడు. "నాకు బాగానే కనిపిస్తోంది మరి" అన్నాడు.

అప్పుడు నేనన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "డోంట్ వర్రీ డేల్, నేను థర్మల్ ఇంజనీర్ని" అన్నాను! నిజమే మరి. కార్ల కంపెనీలో నా ఉద్యోగం ఏమిటంటే, చలికి కార్లలో ఏదీ గడ్డకట్టకుండా చూడ్డం. డేల్ టోపీ పెట్టుకుని, ట్యాంకు మార్చి వెళ్ళిపోయాడు. లలిత అడిగితే, "క్యారమ్ బోర్డుకి చోటు కావాలి" అని కోసేశాను.

ట్యాంకుకి లలిత పుట్టింటి బొంత చుట్టాను. పక్కన ఒక స్పేస్ హీటర్ పెట్టాను. డిసెంబర్ హాయిగా గడిచిపోయింది. నా అంత మొనగాడు లేడనుకున్నాను.

శనివారం వచ్చింది. టెంపరేచర్ సున్నా కింద నాలుగు. సెల్సియస్ కాదు బాబూ, ఫారెన్‌హీట్! పంతులుగారికి పొద్దున వేరే చోట వ్రతం ఉంది, మాకు మధ్యాహ్నం రెండింటికి టైమిచ్చారు. ఈలోగా నాకొక బుద్ధి పుట్టింది. గారెలు నేను వేస్తానన్నాను. ఇంట్లో నూనె వాసన రాకూడదని గరాజ్‌లో ఎలక్ట్రిక్ స్టవ్ పెట్టాను. ప్లగ్గు చూస్తే ఒకటే. హీటర్ ప్లగ్గు పీకి స్టవ్వు పెట్టాను. పొగ పోవాలని గరాజ్ తలుపు సగం ఎత్తాను. గారెలు మాత్రం బ్రహ్మాండంగా వచ్చాయి! ఆ సంతోషంలో స్నానం చేసి, పట్టుపంచె కట్టుకుని పీటల మీద కూర్చున్నాను. తలుపు అలాగే ఉంది. హీటర్ ప్లగ్గు నేల మీదే ఉంది.

మూడో కథ నడుస్తుండగా ఒక ఆరేళ్ళ పాప వచ్చి హాలంతా వినబడేలా, "అంకుల్! టాయ్‌లెట్ ఫ్లష్ అవటం లేదు!" అంది.

ఒక ఆంటీ కిచెన్‌లోంచి, "లలితా, ట్యాప్ రావట్లేదమ్మా" అంది. నాకు వెంటనే వెలిగింది. లేవబోయాను. పంతులుగారు చదువుతూనే కళ్ళెర్రజేసి, "మధ్యలో లేవకూడదు, అక్షింతలు తీసుకోండి" అన్నారు.

"ఏమైందండీ?" లలిత పూలు వేస్తూ గుసగుసగా అడిగింది.

"ట్యాంకు... ఫ్రీజ్ అయ్యుంటుంది."

"క్యారమ్ బోర్డు కోసం మార్చారే, అదా?"

"క్యారమ్ బోర్డు కాదులే. నైరుతిలో ఉందని... నీకు మంచిది కాదని మూర్తి గారు..."

నమస్కారం చేయమన్నారు పంతులుగారు. చేశాం. లలిత కళ్ళలో నీళ్ళు. ఆ క్షణంలో ఇంటి మొత్తానికి ఉన్న నీళ్ళు అవే. "అందరూ వెళ్ళిపోతారు. నేను చెప్తూనే ఉన్నాను" అంది. నాకు ప్రాణం ఉసూరుమంది.

అయిదో కథ అయ్యి హారతి ఇవ్వగానే పంచె ఎగ్గట్టి పరుగెత్తాను. వెళ్ళి చూస్తే ఎవరూ ఎక్కడికీ పోలేదు! పిల్లలు కేరింతలు కొడుతూ బకెట్లతో మంచు తెస్తున్నారు. జింకల గురించి ఏడిపించిన ఆవిడే పట్టుచీర కొంగు దోపుకుని, అయిదు లీటర్ల గిన్నెలో మంచు కరిగిస్తోంది. "లలితా, నువ్వు కంగారు పడకమ్మా, బాత్రూమ్‌కి ఒక బకెట్ పంపించేశాం" అని కేకేసింది.

గరాజ్‌లో మూర్తి గారు ట్యాంకు ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నారు. ట్యాంకు పక్కన పంపుని ఆన్ చేసే స్విచ్చు ఉంటుంది, దాని కిందొక సన్న పైపు; ట్యాంకులో నీళ్ళు తగ్గాయని స్విచ్చుకి తెలిసేది దాని ద్వారానే. బొంత అక్కడిదాకా రాలేదు. ఆయన ఆ పైపు మీద వేలు పెట్టి చూసి, "బ్లాకేజ్ ఇక్కడుందయ్యా" అన్నారు. "ఒళ్ళంతా కప్పి ముక్కు వదిలేశావు!"

లలిత వచ్చింది. తన హెయిర్ డ్రయ్యర్ నా చేతిలో పెట్టి, స్టవ్ ప్లగ్గు తనే పీకింది. పావుగంట ఆ పైపుకి తల ఆరబెట్టినట్టు ఆరబెట్టాను. టక్‌మని స్విచ్చు పడింది. ట్యాంకులోకి జుయ్‌మని నీళ్ళు. "పల్స్ వచ్చింది!" అని అరిచారు మూర్తి గారు. కిచెన్‌లోంచి చప్పట్లు!

హమ్మయ్య అని తలుపు దించబోతుంటే, "ఆగండి" అంది లలిత. చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని నిలబడింది. సగం ఎత్తిన తలుపు కిందినుంచి ఎర్రటి ఎండ నేరుగా ట్యాంకు మీద పడుతోంది. నాలుగున్నర అయింది.

"ఇది ఈశాన్యమా అంకుల్?" అని అడిగింది మెత్తగా. "సూర్యుడు రోజూ ఈ మూలే మునుగుతున్నాడు. నేను వంట చేస్తూ చూస్తూనే ఉంటాను."

మూర్తి గారు దిక్సూచి తీశారు. తట్టారు. మళ్ళీ తట్టారు. ముల్లు మాత్రం లలిత మాటే చెప్పింది.

"ఆ రోజు ఫర్నేస్ మీద పెట్టాం కదయ్యా..." అని నీళ్ళు నమిలారు. లోపల మోటారు, చుట్టూ ఇనుము. అక్కడ దిక్సూచి పనిచేయదని స్కూలు పిల్లలకి కూడా తెలుసు. అక్కడున్న డాక్టరుకీ థర్మల్ ఇంజనీరుకీ తట్టలేదు. అంటే ట్యాంకు మొదట్నుంచీ ఈశాన్యంలోనే ఉంది. దాన్ని పనిగట్టుకుని పీకించి, తెచ్చి నైరుతిలో పెట్టిన మహానుభావుణ్ణి నేను!

లలిత నా వంక చూసింది. పట్టుపంచె, చేతిలో హెయిర్ డ్రయ్యర్, మీసాల మీద మంచు. తిడుతుందనుకున్నాను. పకపకా నవ్వింది. అంతే, గరాజ్ అంతా ఒకటే నవ్వులు. ఆ రోజు మా ఇంట్లోంచి ఎవరూ తొమ్మిదయ్యేదాకా కదల్లేదు. వెళ్తూ వెళ్తూ, జింకల ఆవిడ వచ్చే ఉగాదికి కూడా ఇక్కడే కలుద్దామని చెప్పి మరీ వెళ్ళింది. లలిత ముఖం వెలిగిపోయింది. అది చూసి నా కడుపు నిండింది.

సోమవారం డేల్ వచ్చి ట్యాంకుని పాత చోటే పెట్టాడు. "డైరెక్షన్ బాగుపడిందా?" అని అడిగాడు, నవ్వాపుకుంటూ. నేను కాఫీ ఇచ్చి మాట మార్చాను.

ఇప్పుడు ఆ ట్యాంకు మీద లలిత గుండ్రటి అక్షరాలతో రాసి అంటించిన చీటీ ఉంది. 'ఇది ఈశాన్యం. కదిపే ముందు నన్ను అడగవలెను.' ట్యాంకు సంగతి వదిలేయండి, ఆ పక్కనున్న చీపురు జరపాలన్నా అడిగే జరుపుతున్నాను.