పదకొండింటి పరీక్ష

రేపల్లె నుంచి తెనాలికి రైల్లో గంట పైచిలుకు ప్రయాణమని నా చిన్నప్పుడు స్టేషన్ బోర్డు మీద రాసి ఉండేది. రాసినాయన బస్సులో వెళ్లివచ్చి ఉంటాడు.

పక్కింటి అక్కకు ఒకసారి బాపట్లలో టీచరు ట్రైనింగు ప్రవేశ పరీక్ష పడింది. ఈసారి సీటు రాకపోతే చదువు మానిపించేస్తానని వాళ్ల నాన్న ముందే చెప్పేశారు. ఆడపిల్ల ఒంటరిగా వెళ్లకూడదు కాబట్టి, తోడుగా ఇంకో ఆడపిల్లను పంపారు. అది నేను. నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఆపద వస్తే నేనేం చేస్తానో ఎవరూ అడగలేదు.

పరీక్ష పదకొండింటికని అక్క చెప్పడంతో పొద్దున్నే మొదటి బండి ఎక్కించారు. తెనాలిలో దిగి బాపట్ల బండికి మారాలి. ఒకటే లైను. ఎదురుబండి వచ్చేదాకా మాది దారిలో ఒక చిన్న స్టేషన్లో ఆగాలి. ఆగింది. ఎదురుబండి తీరిగ్గా వచ్చింది, తీరిగ్గా పోయింది. మాది మాత్రం కదల్లేదు. ఇంజనుకు ఏదో అయిందన్నారు. ఏమయిందో ఇంజనుకే తెలియాలి.

ఎదురుగా కూర్చున్న బియ్యం వ్యాపారి మా సంగతి విని, "రేపల్లె బండెక్కి పరీక్షకు బయల్దేరావా అమ్మాయ్? ఆ ధైర్యానికే నిన్ను పాస్ చేసెయ్యాలి" అన్నాడు. పెట్టె అంతా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. పది దాటుతోంది.

అక్క క్యారేజీ విప్పి, నాకు పెరుగన్నం ముద్దలు పెడుతూ హాల్‌టికెట్టు చూపించింది. పరీక్ష మధ్యాహ్నం రెండింటికి. ఇంట్లో ఆ కాగితాన్ని దేవుడి దగ్గర పెట్టి బొట్టు పెట్టారే గానీ, చదివినవాళ్లు లేరు.

"రెండింటికని చెబితే నాన్న రెండో బండికి పంపేవాడే. రైలు మన మాట వినదు, పరీక్ష మన కోసం ఆగదు. ఇంట్లో చెప్పే టైమొక్కటే మన చేతిలో ఉంది" అంది.

తెనాలి బయట బండి మళ్లీ ఆగింది. మేం ఎక్కాల్సిన బాపట్ల బండి మా కళ్లముందే వెళ్లిపోయింది. తర్వాతి బండి పట్టుకుని పరీక్ష హాలుకు చేరేసరికి రెండుకు పది నిమిషాలు. మూడు గంటల అబద్ధంలో రైలు మాకు మిగిల్చింది అంతే.

పరీక్ష అయ్యాక హోటల్లో అక్క గబగబా రెండు ప్లేట్ల ఇడ్లీ తినేసింది. పొద్దుట్నుంచి తను ఒక్క ముద్ద కూడా తినలేదని నాకప్పుడు తెలిసింది. తర్వాత సీటు వచ్చిందనుకోండి.

ఇప్పుడు ఆ లైనుకు కరెంటు తీగలు వచ్చాయి. పూర్వం బండి రాలేదని మాత్రమే తెలిసేది. ఇప్పుడు ఏ పొలం పక్కన ఆగి రాలేదో కూడా ఫోన్లో కనిపిస్తోంది. అభివృద్ధే, కాదనను. రెండో లైను మాట కూడా చాలాకాలంగా వింటున్నాను.

ముఖ్యమైన పనులకు ఇంట్లో నేను చెప్పే టైము ఇప్పటికీ అబద్ధమే. అది చిన్న సంగతి. ఎవరైనా నాకు ధైర్యం చెబుతూ అన్నం పెడుతుంటే మాత్రం, ముందు వాళ్లు తిన్నారో లేదో అడుగుతాను.