చీనా తోటలో పెళ్ళిచూపులు

దారి చూపే ఫోన్లు ఇంకా జేబుల్లోకి రాని కాలం అది. ఎక్కడికి వెళ్ళాలన్నా ఆఫీసులో చాటుగా మ్యాపు ప్రింటు తీసుకుని, పక్క సీట్లో కూర్చున్నవారి చేతిలో పెట్టి, వారు చెప్పినట్టల్లా తిరిగి దారి తప్పి, తప్పిన దారిలోనే ఏదో ఒక మంచి కాఫీ కొట్టు కనిపించి, ఆలస్యంగానైనా సంతోషంగా చేరేవాళ్ళం. మనుషులకు తొందర తక్కువ, నమ్మకం ఎక్కువ. నాకైతే ఆ నమ్మకం మరీ ఎక్కువ. సియాటిల్‌లో పగలంతా కంప్యూటరుకు ఊడిగం చేస్తున్నా, చిన్ననాట తాతగారు పక్కన కూర్చోబెట్టుకుని చెప్పిన ప్రబంధాలే నా బుర్రను ఏలుతుండేవి. లోకంలో దేనినైనా చూడనక్కరలేకుండానే వర్ణించవచ్చునని నా దృఢాభిప్రాయం. (పురవర్ణన చేయడానికి ఆ ఊరు వెళ్ళి రావాలని తాతగారు ఒక్కనాడూ చెప్పిన పాపాన పోలేదు.)

అటువంటి రోజుల్లో మా బావగారు, అనగా మా అక్క భర్త, పోర్ట్‌లాండ్‌లో ఒక సంబంధం చూశారు. అమ్మాయి అక్కడే పుట్టి పెరిగింది. ఇంట్లో సోఫా మీద కూర్చున్నవారికి ఫలహారాల పళ్ళెం అందించే పెళ్ళిచూపులు తనకు కుదరవని, ఊరి నడుమ ఉన్న చీనా తోటలో కలుద్దామని ఆమే కబురు పంపింది. ఆ తోట శతాబ్దాల నాటి చీనా పద్ధతిని అనుసరించి, ఆ దేశపు శిల్పులే వచ్చి కట్టినదట. అమ్మాయి ఫోటో చూసిన క్షణం నుంచి ఈ సంబంధం ఎలాగైనా కుదరాలని నా మనసు పట్టుబట్టింది. కాని అంతకుముందు వచ్చిన రెండు సంబంధాలూ నేను నోరు విప్పిన తరువాతనే తప్పిపోయాయి. అందుకే దారి పొడుగునా బావగారు స్టీరింగు పట్టుకుని నాకు ఒకటే ఉపదేశం చేశారు: “ఒరేయ్, నీకు దణ్ణం పెడతాను, తక్కువ మాట్లాడు.”

తక్కువే మాట్లాడదామనుకున్నాను. ఒకే ఒక్క సీసపద్యం, దాని చివర ఎత్తుగీతి. తోట అనగానే నాకు వనవిహారఘట్టం స్ఫురించి, వారం రోజులు కష్టపడి సిద్ధం చేసుకున్నాను. అందులో లేనిది లేదు. మావిచిగురు మేసి కోయిలలు కూసేవి, తుమ్మెదలు ఝుంకరించేవి, కొలనిలో తామరలు విరిసేవి, వాటి నడుమ రాజహంసలు బద్ధకంగా ఈదేవి. అది ఫిబ్రవరి నెల అన్న సంగతి మాత్రం నా పద్యానికి ఎవరూ చెప్పలేదు.

తోట వాకిట్లో అమ్మాయి, ఆమె మేనత్త గొడుగులతో నిలబడి ఉన్నారు. సన్నగా, ఆగకుండా, ఆ ఊరికే చెందిన వాన. నమస్కారాలయ్యాక పెద్దలు సంప్రదాయం ప్రకారం, “మీరిద్దరూ కాస్త మాట్లాడుకోండి, మేము అటు వెళ్తాం” అన్నారు. పాపం, నిజంగానే అటు వెళ్ళారు. కాని ఆ తోటలో ‘అటు’ అనేది లేదు. దారులన్నీ వంకర తిరిగి మొదటికే వస్తాయి. ప్రతి గోడకూ ఒక జాలీ కిటికీ, ప్రతి కిటికీలోనుంచీ ఒక దృశ్యం కనబడాలన్నది కట్టినవారి ఆశయం. మాకు కనబడిన దృశ్యాలలో ఎక్కువ భాగం ఆమె మేనత్తగారే. ఒక మలుపులో పూర్ణచంద్రుడిలాంటి గుండ్రని గుమ్మం ఎదురైంది. ప్రబంధాలలో చంద్రోదయాలు ఎన్నో చదివాను గాని, చంద్రబింబం నడుమ ఊదారంగు రెయిన్‌కోటుతో మేనత్త ఉదయించడం చూడడం నాకదే మొదలు.

చివరికి కొలను ఒడ్డున ఒక మంటపంలో ఆగాము. ఆమె నా వైపు చూసింది. ఇక ఆగలేక గొంతు సవరించుకుని పద్యం అందుకున్నాను. రాగం కూడా తీశాను. తామరల దగ్గరికి వచ్చేసరికి దూరాన ఒక కిటికీలో మా బావగారు రెండు చేతులూ తలమీద పెట్టుకోవడం కనిపించింది. అయినా ఎత్తుగీతి పూర్తిచేసి గాని వదలలేదు.

ఆమె మర్యాదగా చివరిదాకా విని, కొలనును ఈ కొసనుంచి ఆ కొసదాకా కలయజూసింది. “సౌండ్ చాలా బాగుంది. మీనింగ్ నాకు కొంచెమే తెలిసింది,” అంది. “కోయిల అన్నారు కదా, అది ఎక్కడ ఉంది?”

అది వసంతంలో వస్తుందని చెప్పాను. తామరలేవని అడిగింది. అవి వేసవిలో అన్నాను. హంసల మాట ఆమె అడగలేదు. అది ఆమె దయ.

“మరి ఇప్పుడు ఇక్కడ ఏం ఉందో అది చెప్పండి, ప్లీజ్.”

శీతకాలపు వానలో తడుస్తున్న చీనా తోటకు మా తాతగారు ఏ సమాసమూ నేర్పలేదు. మూడో సంబంధమూ పోయినట్లేనని తెలిసిపోయింది. ఇక పోయేదేముందని, కంటికి కనబడినది కనబడినట్టు చెప్పాను: “ఎదురు కిటికీలో మీ అత్తయ్యగారు ఉన్నారు. దాని పక్క కిటికీలో మా బావగారు, నోరు మూసుకోమని నాకు సైగ చేస్తున్నారు. కొలనులో వాన పడుతోంది. ఆ బండ తడిసి నల్లబడింది. ఆ కొమ్మకు ఆకుల్లేవు, ఒక్క పువ్వు మాత్రం ఉంది. దాని పేరు నాకు తెలియదు. నా బూటులోకి నీళ్ళు వచ్చాయి.”

ఆమె నవ్వింది. గొడుగు ఊగేంతగా నవ్వింది. “ఆ పువ్వు పేరు నాకు కూడా తెలీదు,” అంది. మంటపం చూరునుంచి జారే నీటిధారలను చూస్తూ చాలాసేపు అలాగే నిలబడ్డాం.

బయటికి వచ్చాక మేనత్తగారు గొడుగు ముడుస్తూ, “సరే బాబూ, ఇంటికెళ్ళి ఆలోచించుకుని మేమే కబురు చేస్తాం,” అన్నారు. ఆ వాక్యం నాకు కొత్తది కాదు. అంతకుముందు రెండుసార్లు విన్నాను; ఆ కబురు నేటికీ రాలేదు. బావగారు అప్పటికే కారు తాళాలు తీసి, నన్ను ఓదార్చడానికి మొహం సిద్ధం చేసుకుంటున్నారు.

“అత్తా, వెయిట్,” అంది ఆమె. “నెక్స్ట్ సాటర్డే మేం మళ్ళీ ఇక్కడికి వస్తాం.”

“మేమంటే ఎవరే?”

“నేను, ఈయన. నువ్వూ, అంకులూ రావద్దు. అన్ని కిటికీల్లోనూ మీరే ఉన్నారు.”

తిరుగు ప్రయాణంలో అది అంగీకారమా, వాయిదాయా అని బావగారూ నేనూ వాదించుకుంటూనే ఉన్నాం. అలంకారశాస్త్రం చెప్పిన నాయికలను ఒక్కొక్కరినే పిలిచి చూశాను. ఏ ఒక్కరూ పెద్దలను రావద్దని అంత తేటగా చెప్పినవారు కారు.

పెళ్ళయి చాలా ఏళ్ళు గడిచాక, ఆ రోజు తన మనసు మార్చిన నా మాట ఏదని ఒకనాడు కాస్త గర్వంగానే ఆమెను అడిగాను. ఆమె కూర తరుగుతూ, తలెత్తకుండా చెప్పింది: “మాటలా? మాటలేం కాదు. చలికి వణికిపోతూ కూడా ఇంటికి పోదాం అనలేదు మీరు. అందుకని ఇంకోసారి చూద్దామనుకున్నాను.”

అన్నాళ్ళూ ఆ సంబంధం నా వాక్చాతుర్యానికి దక్కిన బహుమానమని ఊరంతా చెప్పుకుని తిరిగినవాడిని, ఆమె వెనుక నిలబడి చప్పుడు చేయకుండా నవ్వుకున్నాను. తల నెరిసిన ఈ వయసులో ఇప్పుడు తలచుకుంటే, ఆ కుర్రవాడు ఏమి మాట్లాడాడో సగం మరిచిపోయాను గాని, ఎందుకు కదలకుండా నిలబడ్డాడో మాత్రం నాకు బాగా తెలుసు. పాపం, వాడికి కదలబుద్ధి కాలేదు, అంతే.