మంచు కొండ దిగివచ్చిన విఠల్ సార్

విఠల్ సార్ ఇక లేరన్న వార్త హుమ్నాబాద్ నుంచి తిరిగివస్తూ చిరాగ్‌పల్లి దాటుతుండగా బస్సులో తెలిసింది. ఫోన్ చేసిన వాళ్లబ్బాయి "అన్నా, బాపు పోయిండు" అని ఫోన్ పెట్టేశాడు. జహీరాబాద్ వచ్చేదాకా కిటికీ పక్కన చెరుకు తోటలు కదిలిపోతూనే ఉన్నాయి కానీ నా కంటికి ఏదీ ఆనలేదు. దిగాల్సిన చోట కూడా అలాగే కూర్చుండిపోతే కండక్టరే భుజం తట్టి లేపాడు. ముందు రోజు సాయంత్రం దవాఖానలో ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నవాణ్ని నేను. పోతారని తెలిసి కూడా, పోయారంటే నమ్మలేకపోయాను.

మా ఊరి సర్కారు బడిలో ఆయన సాంఘిక శాస్త్రం బోధించేవారు. నేను ఆయన శిష్యుణ్ని. తర్వాత అదే బడికి లెక్కల టీచరుగా వచ్చి సహోద్యోగినయ్యాను కానీ ఆయన ముందు కుర్చీలో కూర్చోవడం మాత్రం చివరిదాకా అలవాటు కాలేదు. తరగతిలో ఎవరు సరైన జవాబు చెప్పినా ఆయన శభాష్ అనేవారు కాదు. "నీకెట్ల తెలుసు?" అనేవారు. భూమి గుండ్రంగా ఉందని నేను చెప్పిన రోజున కూడా అదే ప్రశ్న. "పుస్తకంల ఉంది సార్" అన్నాను. "పుస్తకం రాసినాయనకు ఎట్ల తెలుసు?" అన్నారు. గంట కొట్టేదాకా నన్ను నిలబెట్టే ఉంచారు, మహానుభావుడు. ఎంత కోపం వచ్చిందో చెప్పలేను.

అంతటి మనిషిని అడుగడుగునా నిలదీయగలిగినది ఆయన సహధర్మచారిణి కమలమ్మగారు ఒక్కరే. సార్ బయలుదేరుతుంటే ఆమె గేటు దాకా వచ్చేది. ఎండాకాలమైతే తలకు రుమాలు లేదని, వానకాలమైతే గొడుగు లేదని, చలికాలమైతే ఉన్ని టోపీ లేదని వీధి వీధంతా వినేలా తిట్టేది. ఆమె నోటికి జడిసి మా వీధి పిల్లలందరమూ టోపీలు పెట్టుకునేవాళ్లం. సార్ మాత్రం చిరునవ్వుతో, "ఆమె నోరు లేకుంటే నేనెన్నడో దారి తప్పుతుంటి" అనేవారు.

కమలమ్మగారు కాలం చేసిన మరుసటి ఏడు సార్ ఒకరోజు మా ఇంటికి వచ్చారు. హిమాలయాల్లో బాగా ఎత్తున భక్తులు మొక్కే ఒక సరస్సు ఉంది, అక్కడికి నడిచి వెళ్తానన్నారు. "కమలకు సూపెడ్తనంటిని, సూపెట్టకపోతిని. నేనన్న సూసొస్త." మా అమ్మీ వంటింట్లోంచే నాతో అంది, "నసీర్, సార్‌ను ఒక్కన్ని పంపకు." యాత్ర ఆయనది, పుణ్యమూ ఆయనదే. తోడు మాత్రం నేను.

మాతోపాటు మొగుడంపల్లి వైపు నుంచి ఒక భజన బృందం కూడా వచ్చింది. వాళ్ల పెద్ద మానయ్య, మంచి గొంతున్న రైతు. మొదట్లో ఆ దారి అంతా ఆనందమే. కొండ గాలి పల్చనిది, తలనొప్పి వస్తే దాచవద్దని గైడు చెప్పినప్పుడు సార్ శ్రద్ధగా తలాడించారు. పెళ్లి ఊరేగింపులా నిదానంగా నడిచేవారు, అడుగడుగునా నీళ్లు తాగేవారు. పైకి వెళ్లినకొద్దీ చెట్లు పోయాయి, గడ్డి పోయింది, చివరికి చప్పుడు కూడా పోయింది. మిగిలింది తెల్లదనం ఒక్కటే. మేఘం మీదుగా నడుస్తున్నామో, మేఘమే మాలోంచి నడుస్తోందో తెలియని స్థితి. సార్‌కు ముందు ఆకలి పోయింది. ఆ తర్వాత ఆయన మాటలు నెమ్మదించాయి. నేను అడిగితే "మంచిగనే ఉన్న" అన్నారు.

మధ్యాహ్నం వేళ, గైడు ముందు గుంపుతో మలుపు తిరిగిపోయాక, సార్ తూలడం మొదలుపెట్టారు. టోపీ జారి మంచులో పడింది, ఆయన చూసుకోలేదు. చెయ్యి చాచి, "అగో, కమల! సరస్సు కాడ నిలబడి రమ్మంటుంది" అన్నారు. ఆ ముఖంలో వెలుగును నేను ఏ మాటల్లో పెట్టను? ఆయన పెళ్లినాటి ముఖం అలాగే ఉండి ఉంటుంది.

భజన వాళ్లు అది చూసి ఆగిపోయారు. తూలే ఒళ్లు, తడబడే మాట, ఎవరికీ కనబడనిది కనబడడం. మా పల్లెల్లో దానికి ఒక్కటే పేరు, శిగం. అంటే మనిషి మీదికి దేవుడు రావడం. మానయ్య వెంటనే సార్ పాదాల మీద పడ్డాడు. ఇంకొకరు కుంకుమ తీసి నుదుట దిద్దారు, ఊదు వెలిగించబోతే ఆ గాలికి అగ్గిపుల్ల అంటుకోలేదు. "స్వామీ, ఈసారి వానలెట్లుంటయి? చెప్పు స్వామీ" అని మానయ్య అడుగుతున్నాడు. నేను సార్ చెయ్యి పట్టుకుని కిందికి లాగితే అడ్డం నిలిచాడు. "దేవుడొచ్చిన మనిషిని ఎనుకకు తోల్కపోతవా? మంచిది గాదు తమ్మీ!" వాళ్ల భక్తిలో కల్మషం లేదు. అందుకే నాకు ఇంకా భయమేసింది. ఇంకాస్త పైకి పోతే సార్ దక్కరని నాకు తెలుసు, వాళ్లకు తెలియదు. సార్ అడుగులు పైకే పడుతున్నాయి.

పడుతూ పడుతూ ఆగాయి. చాలాసేపు ఆ మంచులోకి చూశారు. పెదవులు కదిలాయి. "నాకెట్ల తెలుసు?" అనుకుంటున్నారు, తనలో తాను. తర్వాత నా వైపు తిరిగి ఒక్కో మాటా కూడగట్టుకుంటూ అన్నారు.

"నసీరూ, నా తల మీద టోపి ఉన్నదా?"

"లేదు సార్. పడిపోయింది."

"మరి గామె నవ్వుకుంట నిలబడ్డది. గింత మంచుల నెత్తి మీద టోపి లేకుంటే కమల తిట్టకుంట ఉంటదా?" ఊపిరి అందక ఆగారు. "గామె కమల గాదు. నా తలకాయనే ఖరాబైంది. జల్ది కిందికి తోల్కపో."

మానయ్య మెల్లగా పక్కకు తప్పుకుని, మంచులో టోపీ వెతికి తెచ్చి, దులిపి, సార్ తలకు తొడిగాడు. బృందాన్ని గైడు దగ్గరికి పంపి తను మాతో దిగాడు. చెరో రెక్కా పట్టుకున్నాం.

దిగుతుంటే సార్ మాటిమాటికీ వెనక్కి చూసేవారు. "ఇంకా ఉన్నదా సార్?" అని అడిగాను. "ఉన్నది. సన్నగైంది" అన్నారు. మళ్లీ గడ్డి కనబడింది, నీళ్ల చప్పుడు వినబడింది, ఆయన బుగ్గలకు రంగు వచ్చింది. ఒక రాతి మీద కూర్చోబెట్టి మళ్లీ అదే అడిగాను. ఈసారి ఆయన వెనక్కి చూడలేదు. "పానమొచ్చింది రా. ఆమె పోయింది" అని, మా ఇద్దరి ముందూ చిన్నపిల్లవాడిలా ఏడ్చారు. భార్య పోయిన రోజున కూడా ఆయన అలా ఏడవలేదు. మానయ్య కూడా ఏడ్చాడు.

ఆ తర్వాత మా వైపు నుంచి ఎవరు కొండయాత్రకు పోతున్నా ముందు సార్ ఇంటికి వెళ్లడం ఆనవాయితీ అయింది. దాన్ని మొదలుపెట్టినవాడు మానయ్యే. సార్ వాళ్లను కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి చెప్పేవారు. "తలకాయ నొస్తే దాచకున్రి. నేను దాచి సూసిన. ఎవలన్న తూలుకుంట మాట్లాడితే మొక్కకున్రి, దింపున్రి. కొండ ఏడికి పోదు." ఆ మాట విని సగం దారిలో తిరిగివచ్చి, ఇవాళ పిల్లాపాపలతో ఉన్నవాళ్లు న్యాల్‌కల్‌లోనూ ఉన్నారు, మా వీధిలోనూ ఉన్నారు. మీకు దర్శనమైందా సార్ అని ఎవరైనా అడిగితే మాత్రం చాయ్ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయేవారు. ఆయన మళ్లీ ఆ సరస్సు ఊసెత్తలేదు.

గురువర్యా, సలాం. మీరు విడిచి వచ్చినదేమిటో నాకు తెలుసు. ఆ రోజు మిమ్మల్ని దింపుకొచ్చినందుకు నాకు పశ్చాత్తాపం లేదు. ఆ తర్వాత మీరున్న ఏళ్లన్నీ మాకు దక్కాయి. మీలాంటి మనిషి ఈ ఊరికి మళ్లీ రాడు.

దవాఖానలో ఆ సాయంత్రం ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉన్నా సార్‌కు ఊపిరి అందడం లేదు, కొండ మీద ఆ మధ్యాహ్నం లాగే. కళ్లు నన్ను దాటి ఎక్కడికో చూస్తున్నాయి. ఏం కనబడుతోందని నేను అడగలేదు. "దిగుదాం పదండి సార్" అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఎక్కడికి దిగుతాం? అప్పటికే మేం మా ఊళ్లో ఉన్నాం. వేళైంది, ఇక వెళ్లమని నర్సు చెప్పింది. ఆయన చెయ్యి దుప్పటి మీద పెట్టి, మెట్ల మీదుగా నేనొక్కణ్నే దిగివచ్చాను.