వేడెక్కాక బయల్దేరిన మొగుడు

మా అమ్మాయి ఈ లోకానికి ఏడాది ఆలస్యంగా వచ్చింది. కారణం నేనే. ఆ మాట చెప్పాల్సిన రోజున నోరు మూసుకున్నాను. ఇప్పుడు చెబుతాను, మీరు నవ్వుతారు. నవ్వండి. మా ఆవిడ వరలక్ష్మి మాత్రం అప్పట్లో నవ్వలేదు.

అప్పుడు నేను పలాసలో జీడిపప్పు ఆరబెట్టే గదికి పెద్దని. గదిలో వేడి ఎక్కితేనే పప్పు మీద పొట్టు ఊడుతుంది. వేడెక్కకుండా పని మొదలుపెట్టేవాడు మూర్ఖుడు. నాకు తెలిసిన శాస్త్రం అదొక్కటే. లోకం మొత్తానికి అది చాలనుకున్నాను.

పెళ్ళయి మూడేళ్ళయినా పిల్లలు లేరని టెక్కలిలో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. నెలలో కడుపు నిలిచే రోజులు కొన్నే ఉంటాయని ఆవిడ మొదలుపెట్టేసరికి నాకు సిగ్గు ముంచుకొచ్చింది. గోడమీద పసిపాప బొమ్మని పరీక్షకి చదువుతున్నట్టు చూస్తూ కూర్చున్నాను. చెవిలో పడింది రెండు ముక్కలే: రోజూ పొద్దున్నే థర్మామీటరు పెట్టాలి, ఒంటి వేడి కాస్త పెరుగుతుంది. వరలక్ష్మి ఇంకేదో అడగబోతే, "నాకు తెలుసులే, పద" అన్నాను.

నెలంతా నా మకాం ఫ్యాక్టరీ దగ్గరే. ఆవిడ వజ్రపుకొత్తూరు పక్కన మా ఊళ్ళో. రోజూ ఫోను.

"ఎక్కిందేటి?"

"నేదు."

"థర్మామీటరు సరిగ్గా పెడతన్నావా?"

"పెడతన్నాను మావా. ఇది ఒల్లు, మీ ఫ్యాక్టరీ కాదు."

పక్కన పనిచేసే అప్పన్న చెవులు రిక్కించాడు. "ఏటి బావా, సెల్లికి జొరమా?"

"జొరం కాదురా. వేడి ఎప్పుడెక్కుతాదా అని సూత్తన్నాం!"

ఆ పూటంతా అప్పన్న నన్ను పోలీసులకి అప్పగించాలా వద్దా అన్నట్టు చూశాడు.

చివరికి "ఎక్కింది" అని కబురొచ్చేది. తుపాను హెచ్చరిక విన్న పడవలా బండి మీద ఒడ్డుకి, అదే ఇంటికి, పరిగెత్తేవాణ్ణి. ప్రతినెలా ఇదే. చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాళ్ళు నయం. నేను చేతులు కాలాక పొయ్యి వెతికే రకం.

ఈలోగా మా అమ్మ చెవిన 'వేడి' అన్న మాట పడింది. "అదీ సంగతి! ఒంట్లో వేడుంటే కడుపెలా నిలుత్తాది?" మా ఉద్దానంలో కొబ్బరికి కరువా? పొద్దున రెండు బొండాలు, మధ్యాహ్నం సబ్జా నీళ్ళు, సాయంత్రం మజ్జిగ.

"అత్తా, ఇంక తాగితే నాను తేలిపోతాను."

"పిల్లలు కావాలా, వద్దా?"

నేనే ఇంకో బొండం అందించాను.

ఏడాది గడిచాక లోపం వరలక్ష్మిదేనని తేల్చించుకుందామని నేనొక్కణ్ణే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను.

"ఇంటికి ఎప్పుడు వెళ్తున్నారు?"

"వేడెక్కిన రోజే మేడమ్. ఒక్క నెలా తప్పలేదు."

ఆవిడ కళ్ళజోడు తీసేసింది. "అండం విడుదలయ్యాకే వేడి పెరుగుతుందండీ. విడుదలయ్యాక అండం ఒక్కరోజుకి మించి బతకదు. కడుపు నిలిచేది అంతకు ముందు నాలుగైదు రోజుల్లోనే. అప్పుడే చెప్పాను కదా! మీరు నెలనెలా రైలు వెళ్ళిపోయాక స్టేషనుకి పరిగెత్తారు."

"మరి ఇప్పుడేం చెయ్యాలి మేడమ్?"

"ప్రతినెలా ఇంచుమించు ఎప్పుడు పెరుగుతోందో తెలిసింది కదా. ఈసారి ముందే వెళ్ళండి."

ఇంటికొచ్చి "సెలవు పెట్టాను" అన్నాను. ఎందుకో చెప్పలేదు.

ఆ వారంలోనే మా చెల్లెలి సీమంతం. గాజులు తొడగడానికి వరలక్ష్మి లేచింది. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వాగమ్మా. పిల్లలు గలవోల్లని తొడగనీ."

పేరంటాళ్ళందరూ చూస్తున్నారు. వరలక్ష్మి గాజులు పళ్ళెంలో పెట్టేసి నాకేసి చూసింది. తప్పు నాదని ఒక్కమాట అంటే చాలు. నేను పులిహోర గిన్నె పట్టుకుని, "ఇంకెవరికన్నా కావాలా?" అంటూ అటు తిరిగిపోయాను.

కొన్నాళ్ళకే ఆమెకి నెల తప్పింది. పాప పుట్టింది. ఘనత కొబ్బరిబొండాలకి దక్కింది.

మొన్న పక్కింటి కొత్తకోడలికి అమ్మ బొండం కొడుతూ, "మా కోడలికీ ఇలాగే వేడి. ఏడాది తాగింది" అంది. వరలక్ష్మి లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళకి నా నోరు పెగిలింది.

"దానికి వేడీ నేదు, గీడీ నేదమ్మా. డాక్టరమ్మ మాట నాను సగమే ఇన్నాను. తప్పు నాది."

అమ్మ కత్తి ఆగింది. "మరి అప్పుడే ఎందుకు సెప్పనేదురా?"

"సిగ్గేసింది."

"నీకు సిగ్గేత్తే అది నీల్లు తాగాలా?"

కాబట్టి సమస్త జీడితోటల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: సగం విన్న మాటని పూర్తిగా తెలిసినట్టు ఈ జన్మలో మోసుకు తిరగను. వచ్చే జన్మలో జీడిగింజగా పుట్టినా సరే.

లోపల వరలక్ష్మి బియ్యం ఏరుతోంది.

"ఇన్నావా?"

"ఇన్నాను. మీ అమ్మకి సెప్పినావు, పక్కింటి పిల్లకి సెప్పినావు. మరి నాకో?"

నేల మీద ఆమె ఎదురుగా కూర్చున్నాను.

"అందరి ముందూ నిన్ను ఆపితే నాను అటు తిరిగిపోనాను. తప్పయిపోనాది వరాలూ. నన్ను చమించు."