గట్కలో చీజ్

నర్సింగ్ ఖతార్ దేశం లుసైల్‌లోని ఒక హోటల్ వంటింట్లో గిన్నెలు తోముతాడు. అక్కడ అమెరికా వాళ్ళు తినే గ్రిట్స్ అనే మొక్కజొన్న రవ్వ సంకటి చూడగానే అతనికి ప్రాణం లేచివచ్చింది. అది అచ్చం మక్క గట్కే. ఊళ్లో దాంట్లో సల్ల, అంటే మజ్జిగ, పోసుకుంటారు, ఇక్కడ చీజ్ కలుపుతారు. చీజ్ కూడా పాలతో చేసిందే కాబట్టి ఇంకా బలమనుకున్నాడు. ఎవరినీ అడగలేదు, గట్క గురించి తనకొకరు చెప్పాలా? రోజూ మిగిలింది తిన్నాడు. ఊళ్లో బీపీతో నీరసపడుతున్న భార్య స్వర్ణకు, సెలవు మీద వెళ్తున్న మనిషి చేత పెద్ద చీజ్ డబ్బా పంపాడు.

ఈ రోజు క్లినిక్‌లో అతనికే బీపీ ఎక్కువ చూపించింది. ఏం తింటున్నాడో విని నర్సు హిందీలో చెప్పింది.

"మొక్కజొన్న రవ్వతో భయం లేదు. చీజ్‌లో ఉప్పు, కొవ్వు ఎక్కువ. బీపీ ఉన్నవాళ్ళు తినకూడదు."

బయటికొచ్చి స్వర్ణకు ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. ఎండలోనే నిలబడి మళ్ళీ చేశాడు. ఈసారి ఎత్తింది.

"ఆ డబ్బ తీసినవా?"

"తీసుడేంది, అయిపోవట్టె. రెండు పూటలు గట్కల కలుపుకొని తింటున్న."

"పానం ఎట్లున్నది?"

"తల తిరుగుతున్నది. బలం సాల్తలేదు కావచ్చు. ఇంకో డబ్బ పంపు."