చెవి కోయనివ్వని వకీలు సారు

నా కొడుకు పూచీకత్తు గడువు మూడేళ్ళూ ఒక్క మచ్చ లేకుండా తీరిపోయింది! ఈ మాట అందరికంటే ముందు మా వకీలు సారుకే చెప్పాలని ఎమ్మిగనూరులో తొలి బస్సెక్కి ఆదోని వెళ్ళాను. ఇంటి ముందు జనం. ముందురోజు సాయంత్రమే సారు పోయారట. ఆయనకు చెప్పలేకపోయింది మీకు చెప్పుకుంటున్నాను.

అది కరువు ఏడు. నా కొడుకు ఒక ఆసామి గొర్రెలను పాలుకు మేపేవాడు. తల్లి గొర్రెలు ఆసామివి, పుట్టే పిల్లల్లో సగం మావి. ఇంట్లో గింజ లేక, ఆసామికి చెప్పకుండా రెండు తల్లి గొర్రెలను సంతలో అమ్మేశాడు. దొంగతనం కేసు పడింది. గొర్రెల దొంగకు జైలు తప్పదని ఊరంతా తేల్చేసింది.

సారు నల్లకోటుకు దుమ్ము పడుతుందని తిరగేసి మడిచి చంకలో పెట్టుకుని నడిచేవారు. మేం చెప్పేదంతా కళ్ళు మూసుకుని వినేవారు. నిద్రపోయారేమోనని ఆగితే, ఆడికొచ్చినావు కదా, ముందుకు పో అనేవారు. మొదట గొర్రెలను వెనక్కి తెమ్మన్నారు. గోనెగండ్లలో కొన్నవాణ్ణి బతిమాలి తెచ్చుకున్నాం.

అప్పుడు నాకో పాడు బుద్ధి పుట్టింది. ఎవరివో తెలిసేందుకు ఆసామి గొర్రెల చెవికి ఒక గాటు, మావాటికి రెండు. ఇంకో గాటు పెట్టి, ఇవి మా పాలు గొర్రెలేనని వాదిద్దామన్నాను. సారు కళ్ళు తెరిచారు.

"సెవి కోస్తే గొర్రె నీదైతాదా అప్పా? తొలి తప్పు, కత్తీ గొడవా లేదు, సొత్తు తిరిగిచ్చినాడు అని నేను సెప్పుకోవల్ల. అట్లయితేనే జైలు లేకుండా ఇడిసే దోవ జడ్జీకి సట్టంలో ఉండాది. ఆ దోవను నువ్వే కోసేస్తాండావు."

సిగ్గుతో తల వంచుకున్నాను. నా కొడుకే గొర్రెలను తోలుకుపోయి అప్పగించాడు. కోర్టులో ఆసామి, "నా గొర్రెలు నాకొచ్చినాయి సామీ. ఈడు ముందెప్పుడూ ఇట్ల సేసినోడు కాదు" అన్నాడు. ఊళ్ళో విచారించి రమ్మని జడ్జీ ఒక ఆఫీసరును పంపి, ఆయన రాసిచ్చిన కాగితం చదివాక, మూడేళ్ళు బుద్ధిగా ఉండాలని పూచీకత్తు రాయించుకుని వదిలేశారు.

బయట సారు కాళ్ళ మీద పడబోతే, "నా కాళ్ళెందుకప్పా, నీ కొడుకు కాళ్ళు సూసుకో, యాడికి పోతాయో" అని నవ్వారు. ఆ కాళ్ళు ఎక్కడికీ తప్పిపోలేదు సారూ.

ఇక చెప్పాల్సినవాళ్ళు చాలామందే ఉన్నారు. కౌతాళంలో మా పెద్దక్క. గూడూరులో మా తమ్ముడు, మూడేళ్ళుగా మా గడప తొక్కనివాడు. నా కొడుక్కి పిల్లనిస్తానన్న మాట వెనక్కి తీసుకున్న మా బావమరిది. చివరగా మా అమ్మ. ఆమెకు చెవుడు. కేసు సంగతి ఎన్నిసార్లు గుసగుసగా చెప్పినా వినపడలేదు. ఈసారి అరిచి చెబుతాను, వీధంతా విననీ.